కుర్చీ సంగతి తరవాత, ముందు టేబుల్ కొలవండి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. మెయిన్ రోడ్డు మీద మేడపైన గది అద్దెకు తీసుకుని జీఎస్టీ, అకౌంట్స్, డేటా ఎంట్రీ పనులు చేసే ఆఫీసు నడుపుతున్నారు. స్టాఫ్ 9 మంది, అందులో ఆరుగురు ఆడవాళ్ళు. ఒకావిడకు నడుం నొప్పి. యాభై దాటిన అకౌంటెంటు గారికి మెడ పట్టేస్తోంది. ఒకమ్మాయికి కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. బరంపురంలో ఒక షోరూమ్ వాళ్ళు ఒక్కోటి 14,000 రూపాయల కుర్చీ చూపించారు. తొమ్మిది కుర్చీలు కొనెయ్యాలా, లేక నిలబడి పనిచేసే టేబుళ్ళు మేలా అని అడుగుతున్నారు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో చదువుకుని బరంపురంలో ప్రాక్టీసు పెట్టాను. చెయ్యి, మెడ, నడుం నొప్పులతో నా దగ్గరకు వచ్చేవాళ్ళలో బ్యాంకు ఉద్యోగులు, జన సేవా కేంద్రాలు నడిపేవాళ్ళు, మీలాంటి ఆఫీసుల్లో చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు కూర్చునే చోటికి వెళ్ళి చూడటం కూడా నా పనే. అందుకని మొహమాటం లేకుండా చెప్తాను: ఆ లక్షా పాతిక వేలు ఇప్పుడే పెట్టకండి. పెట్టినా నొప్పులు తగ్గుతాయన్న నమ్మకం నాకు లేదు. మన వైపు ఆఫీసుల్లో ఎక్కువ చోట్ల తప్పు కుర్చీది కాదు, టేబుల్‌ది.

బజారులో దొరికే ఆఫీసు టేబుల్ ఎత్తు 29, 30 అంగుళాలు, అంటే సుమారు 75 సెంటీమీటర్లు. ప్లైవుడ్‌దైనా ఇనుపదైనా అంతే. అది రాతపనికి, అదీ కాస్త పొడుగు మనిషికి సరిపోయే ఎత్తు. రాసేటప్పుడు ముంజేయి బల్ల మీద ఆనుతుంది కాబట్టి మోచేతి కన్నా రెండు మూడు అంగుళాలు పైన ఉన్నా ఇబ్బంది లేదు. టైపింగ్ అలా కాదు. కీబోర్డు మోచేతి ఎత్తులోనో, ఓ అంగుళం కిందనో ఉండాలి. పాత టైపు ఇన్‌స్టిట్యూట్లలో నేర్చుకున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మిషన్ పెట్టే బల్ల మామూలు బల్ల కన్నా పొట్టిగా ఉండేది. కంప్యూటర్లు వచ్చాక ఆ బల్లలు పోయాయి. గుమాస్తాలు రాసుకునే బల్ల మీదకే కీబోర్డు ఎక్కి కూర్చుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అయిదడుగుల ఆడమనిషి అనుకోండి, అంటే 152 సెంటీమీటర్లు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. ఆమె పాదాలు నేలకు పూర్తిగా ఆనాలంటే సీటు 38, 39 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. సీటు నుంచి మోచేతి దాకా మరో 21, 22 సెంటీమీటర్లు. మొత్తం 60 సెంటీమీటర్లు, అంటే 24 అంగుళాలు. కీబోర్డు ఉండాల్సింది అక్కడ. మీరు ఆమెకు ఇచ్చింది 30 అంగుళాల టేబుల్. ఆరు అంగుళాలు తేడా. అయిదున్నర అడుగుల మగమనిషికి లెక్క కట్టినా 26 అంగుళాల దగ్గరే ఆగుతుంది. పైగా మనం చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. విదేశీ కొలతల పట్టికల్లో బూటు మడమకని ఓ అంగుళం కలిపే ఉంటుంది. ఆ అంగుళమూ మనకు లేదు.

ఈ ఆరు అంగుళాలు ఏం చేస్తాయో వరసగా చూడండి. టేబుల్ ఎత్తుగా ఉందని ఆవిడ కుర్చీని పైకి లేపుతుంది. లేపగానే పాదాలు వేలాడతాయి. సీటు అంచు తొడల కింద ఒత్తుకుంటుంది, కాళ్ళు లాగుతాయి. అది భరించలేక ముందుకు జరిగి అంచున కూర్చుంటుంది. ఇక వీపుకీ కుర్చీ వెనక భాగానికీ జానెడు దూరం. మీరు 14,000 పోసి కొన్న కుర్చీలో నడుముకు ఆసరా అంటూ చూపించిన ఆ వంపును ఆవిడ వీపు మధ్యాహ్నం భోజనానికి లేచేదాకా తాకనే తాకదు. పోనీ కుర్చీ లేపకుండా కిందనే కూర్చుందా, అప్పుడు చేతులు బల్ల ఎక్కటానికి జబ్బలు చెవుల వైపు లేస్తాయి. పొద్దుటి నుంచి ఎత్తిపట్టిన ఆ జబ్బల నొప్పే సాయంత్రానికి మెడనొప్పి అని పేరు పెట్టుకుంటుంది.

రేపు పదకొండు గంటల వేళ మీ ఆఫీసులో కాళ్ళు ఎక్కడున్నాయో గమనించండి. (ఆడవాళ్ళున్న చోటు కదా, ఎందుకు చూస్తున్నారో ముందే చెప్పి చూడండి.) ఒకరు కుర్చీ కింద చక్రాల కొమ్మ మీద పాదాలు మెలిపెట్టి ఉంటారు. ఇంకొకరు యూపీఎస్ మీద పెట్టుకుని ఉంటారు. మరొకరు ఏకంగా కుర్చీలోనే బాసింపట్టు వేసుకుని ఉంటారు. ఇవి చెడ్డ అలవాట్లని మందలించకండి. కాలికి ఆనిక దొరక్క ఎవరికి తోచింది వాళ్ళు చేసుకుంటున్నారు, అంతే.

కొలవటం సులువు. టైలరు టేపు ఒకటి తీసుకోండి. మనిషి చెప్పులు లేకుండా కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, తొడలు నేలకు సమంగా ఉండేటట్టు సీటు సరిచేసుకోవాలి. కుర్చీ అంత కిందికి దిగకపోతే ఏదైనా స్టూలు మీద కూర్చోబెట్టండి. జబ్బలు వదులుగా జారవిడిచి మోచేయి మడిస్తే, నేల నుంచి మోచేతి కింది భాగం దాకా ఎంతో అది ఆ మనిషి కొలత. ఆడవాళ్ళను ఆడవాళ్ళే కొలుచుకోమనండి. పేరు పక్కన అంకె రాసి పెట్టుకోండి.

ఒక టేబుల్‌కు ఎప్పుడూ ఒకే మనిషి అయితే దాని కాళ్ళు కోయించటమే నా సలహా. చెక్కదైతే వడ్రంగి, ఇనుపదైతే వెల్డింగ్ షాపు, అరగంట పని. ఇనుప కాళ్ళకు కోశాక రబ్బరు బుష్‌లు తొడిగించడం మరవద్దు, లేకపోతే మొజాయిక్ నేల గీతలు పడి ఇంటి ఓనరుతో గొడవ. అయితే పొట్టి మనిషి కొలత చూసి ఒకేసారి 24 అంగుళాలకు దించెయ్యకండి. 26 దగ్గర ఆపండి. మిగిలిన రెండు అంగుళాలు కుర్చీ లేపి, కాళ్ళ కింద పీట వేసి సర్దుకోవచ్చు. రేపు ఆ సీట్లోకి ఇంకొకరు వస్తే పనికొస్తుంది, తొడలకు చోటూ మిగులుతుంది.

తొడల చోటు అనగానే అసలు చిక్కు ఒకటి ఉంది, మధ్య సొరుగు. మన టేబుళ్ళకు పొట్ట దగ్గర నాలుగైదు అంగుళాల లోతు సొరుగు ఒకటి ఉంటుంది. అందులో పిన్నులు, పాత రబ్బరు స్టాంపులు, ఎండిపోయిన ఇంకు ప్యాడు తప్ప ఏమీ ఉండవు. కాళ్ళు కోసినా ఆ సొరుగు ఉంటే మోకాళ్ళు దూరవు, మనిషి మళ్ళీ వెనక్కి జరిగి, ముందుకు వంగి పనిచేస్తుంది. ముందు సొరుగు పీకించండి, తరవాతే కొలతలు. పక్క సొరుగులు ఉండనివ్వండి.

కోయటం ఇష్టం లేకపోయినా, టేబుళ్ళు అద్దెవైనా, ఒకే సీటును ఇద్దరు ముగ్గురు వాడుతున్నా, టేబుల్‌ను ముట్టుకోకుండా కుర్చీ లేపి పాదాల కింద పీట వెయ్యండి. నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు, రెండు పాదాలూ అటూ ఇటూ జరుపుకునేంత వెడల్పు, అంటే కనీసం ఒకటిన్నర అడుగులు ఉండాలి. ఒంటి కాలు పెట్టుకునే ఇటుక పనికిరాదు. ఇంట్లో వాడని వంటింటి పీట ఉంటే తెచ్చి, ఎత్తు చాలకపోతే కింద రెండు చెక్కలు కొట్టిస్తే సరిపోతుంది. బజారులో ఫుట్‌రెస్ట్ అని అమ్మే ప్లాస్టిక్‌వి నేను పెద్దగా సిఫారసు చెయ్యను, నున్నటి నేల మీద జారిపోతాయి.

మీ దగ్గర కొన్నైనా కీబోర్డు పలక బయటకు లాగే కంప్యూటర్ టేబుళ్ళు ఉండే ఉంటాయి. ఎత్తు సమస్యను అవి సగం తీరుస్తాయి, కానీ ఇంకో సమస్య తెస్తాయి. ఆ పలక మీద కీబోర్డు ఒక్కటే పడుతుంది, మౌస్ పడదు. మౌస్ పైన బల్ల మీద ఉంటుంది. అంటే మౌస్ పట్టుకున్న ప్రతిసారీ కుడిచెయ్యి అరడుగు పైకీ, మూరెడు ముందుకీ వెళ్ళాలి. కుడి భుజం ఒక్కటే నొప్పి అని వచ్చినవాళ్ళను నేను మొదట అడిగేది మౌస్ ఎక్కడుందనే. పలకకు ఒక పక్క వెడల్పు పెంచి మౌస్‌కు చోటు చెయ్యండి. కుదరకపోతే పలక తీసేసి టేబుల్‌నే దించండి.

అకౌంట్స్ పనిలో ఇంకో సంగతి ఉంది. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రోజంతా కుడిపక్క ఉన్న అంకెల కీల మీదే చెయ్యి ఆడుతుంది. కీబోర్డును పొట్టకు ఎదురుగా సరిగ్గా మధ్యలో పెట్టుకుంటే అంకెలు కుడి పక్కకు, మౌస్ ఇంకా అవతలకు పోతాయి. అంకెల పని చేసేవాళ్ళు కీబోర్డును ఓ బెత్తెడు ఎడమకు జరుపుకుని, అంకెల గుంపు కుడి భుజానికి ఎదురుగా వచ్చేటట్టు చూసుకోవాలి. మౌస్‌ను ఎడమచేతికి మార్చుకుంటే ఇంకా హాయి. మొదటి వారం విసుగ్గా ఉంటుంది, తరవాత అలవాటవుతుంది. ట్యాలీలో మౌస్ పని ఎంత గనక!

ఇక వేళ్ళు తిమ్మిరెక్కుతున్న అమ్మాయి. ఆమెను ఒక్క ప్రశ్న అడగండి, ఏ వేళ్ళు? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలులో సగం అని చెబితే మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతున్నట్టు. కార్పల్ టనెల్ అని డాక్టర్లు అనేది దీన్నే. చిటికెనవేలు, దాని పక్కవేలు అయితే నలుగుతున్నది అల్నార్ నరం, చాలావరకు మోచేతి దగ్గర. టేబుల్ అంచుకు మోచేయి ఆనించి ఫోను మాట్లాడే అలవాటు ఉందేమో చూడండి. అర్ధరాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందంటే అది మొదటిదానికి గట్టి గుర్తు.

మీరు చెయ్యగలిగింది: కీబోర్డు వెనక రెండు చిన్న కాళ్ళు ఉంటాయి, అందరూ వాటిని తెరిచి పెట్టుకుంటారు. వాటిని మడిచెయ్యండి. అవి తెరిచి ఉంటే మణికట్టు పైకి వంగుతుంది, నరానికి చోటు తగ్గుతుంది. టేబుల్ అంచు పదునుగా ఉంటే వడ్రంగి చేత గుండ్రంగా రుద్దించండి. కానీ అంతటితో ఆగకండి. థైరాయిడ్ తేడా, షుగర్, గర్భం ఉన్నప్పుడు కూడా ఈ తిమ్మిరి వస్తుంది కాబట్టి డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఆర్థో ఓపీకి వెళ్ళవచ్చు, మీకు శ్రీకాకుళం దగ్గరనుకుంటే అక్కడికైనా సరే. అవసరమైతే వాళ్ళే నరాల పరీక్ష రాస్తారు. రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉంచే పట్టీ చాలామందికి పనిచేస్తుంది. చేతిలో గ్లాసు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ పల్చబడుతున్నా మాత్రం నెల చివరి పని అయ్యాక చూద్దాం అనకండి.

అకౌంటెంటు గారి మెడకు వద్దాం. ఆయన వయసు చెప్పారు, కళ్ళద్దాల సంగతి రాయలేదు. బైఫోకల్సో ప్రోగ్రెసివ్సో అయ్యుంటాయని నా అనుమానం. ఆ అద్దాల్లో దగ్గరిచూపు కింది భాగంలో ఉంటుంది. స్క్రీన్ పై అంచు కంటికి సమంగా ఉండాలని అన్నిచోట్లా రాస్తారు, అది మామూలు కళ్ళకు సరే. ఈయన ఆ స్క్రీన్ చూడాలంటే గడ్డం పైకెత్తి, మెడ వెనక్కి వాల్చి చూడాలి. రోజంతా అదే పని. మానిటర్‌ను ఆయన కోసం అయిదారు అంగుళాలు కిందికి దించి, పైభాగం కాస్త వెనక్కి వాల్చండి. లేదా కంటి డాక్టరుతో చెప్పి కంప్యూటర్ దూరానికి మాత్రమే పనికొచ్చే అద్దాలు విడిగా రాయించండి. మిగతావాళ్ళకు చెయ్యి చాపితే వేళ్ళు తగిలేంత దూరంలో, పై అంచు కంటి ఎత్తులోనో కాస్త కిందనో ఉంటే చాలు.

ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్ళ మెడ ఎలా పెట్టినా బాగుపడదు. కీబోర్డు చేతికి సరిపోతే స్క్రీన్ కిందికి పోతుంది, స్క్రీన్ కంటికి సరిపోతే కీబోర్డు పైకి పోతుంది. మనిషి తల బరువు నాలుగున్నర, అయిదు కిలోలు. బాగా ముందుకు, అంటే 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలకు సమానమని న్యూయార్క్ సర్జన్ కెన్నెత్ హంసరాజ్ 2014లో లెక్క కట్టారు. లెక్కలో కొంత అటూ ఇటూ ఉన్నా విషయం అర్థమవుతుంది. విడిగా ఒక కీబోర్డు, మౌస్ కొనిచ్చి, ల్యాప్‌టాప్ కింద ఏ4 కాగితాల కట్టలు పెట్టండి. 500 కాగితాల కట్ట ఒక్కోటీ రెండు అంగుళాలు ఉంటుంది. రెండు మూడు కట్టలతో స్క్రీన్ కంటి ఎత్తుకు వస్తుంది. మీ ఆఫీసులో కాగితాల కట్టలకు కొదవ ఉండదు కదా.

డేటా ఎంట్రీలో కాగితం ఎక్కడ పెడుతున్నారన్నది కూడా చూడండి. బిల్లుల ఫైలు ఎడమపక్క బల్ల మీద పడుకోబెట్టి, స్క్రీన్ కుడివైపు ఉంటే మెడ రోజుకు వేలసార్లు కిందికీ పక్కకీ తిరుగుతుంది. కీబోర్డుకూ స్క్రీన్‌కూ మధ్య వాలుగా ఒక రాత ప్యాడు నిలబెట్టి, దాని క్లిప్పుకు బిల్లు తగిలించండి. వెనక ఆనించటానికి ఏ పాత లెడ్జరో చాలు.

వెలుతురు విషయంలో నా కోపమంతా మన ఎండాకాలం మీదే. ఆఫీసులో టేబుళ్ళు ఎక్కడ ఉండాలో మన దగ్గర ఫ్యాను నిర్ణయిస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి అందరూ ఫ్యాను కిందకు జరుగుతారు, ఎవరి వీపు కిటికీ వైపు ఉందో, ఎవరి మొహం కిటికీ వైపు ఉందో పట్టించుకోరు. కిటికీ వీపు వెనక ఉంటే స్క్రీన్ మీద వెలుగు పడి అంకెలు కనపడవు, మనిషి ముందుకు వంగుతుంది. ఎదురుగా ఉంటే కళ్ళు చికిలిస్తుంది. కిటికీ పక్కగా ఉండాలి. పరీక్ష తేలిక: స్క్రీన్ ఆపేసి ఆ నల్లటి అద్దంలోకి చూడండి. కిటికీయో ట్యూబులైటో కనబడితే టేబుల్ తిప్పాలి. తిప్పటానికి ఫ్యాను అడ్డమైతే గోడ ఫ్యాను ఒకటి బిగించండి, అది కొత్త కుర్చీ కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు. ఏసీ ఉంటే దాని గాలి నేరుగా ఎవరి మెడ మీదా పడకుండా రెక్కలు తిప్పండి. కళ్ళ మంటలు కూడా ఉంటే, 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా 20 సెకండ్లు చూడమనండి. స్క్రీన్ ముందు మనం రెప్పలు వెయ్యటం బాగా తగ్గిపోతుంది, మంటకు సగం కారణం అదే.

ఇంత సర్దినా కదలకుండా కూర్చుంటే లాభం లేదు. బరంపురం పట్టుచీరలు నేసే మన దేవాంగుల ఇళ్ళలో గుంట మగ్గం చూసే ఉంటారు. నేల అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, తొక్కుడు చెక్కల మీద పెడతారు. చెయ్యీ కాలూ అందే దూరంలో పని అమరి ఉంటుంది. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి మాత్రం వాళ్ళకూ తప్పటం లేదు. గంటల తరబడి అదే వంపులో ఉండటమే దానికి కారణం.

ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. 1713లోనే బెర్నార్డినో రామజ్జీని అనే ఇటలీ వైద్యుడు గుమాస్తాల జబ్బులకు మూడు కారణాలు రాశాడు: కదలకుండా కూర్చోవటం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరుగా ఆడటం, లెక్కల్లో తప్పు పడకూడదన్న మనసు టెన్షన్. మూడోది మీ ఆఫీసులో ప్రతినెలా కనిపిస్తుంది. 11వ తేదీకి జీఎస్టీఆర్-1 రిటర్ను, 20కి 3బీ రిటర్ను. నా దగ్గరకు వచ్చే అకౌంట్స్ వాళ్ళు నొప్పి ఎక్కువైందని చెప్పే రోజులు కూడా అవే. ఆ రోజుల్లో పళ్ళు బిగించి, భుజాలు బిగించి, లేవకుండా కూర్చుంటారు.

అరగంటకో, నలభై నిమిషాలకో ఒకసారి లేచి రెండు నిమిషాలు నడవాలి. ఇలా అంటే ఓనర్లందరూ ఒకటే మాట, పని ఆగిపోతుంది కదా అని. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థ పరిశోధకులు అక్కడి ఆదాయపు పన్ను శాఖ డేటా ఎంట్రీ ఉద్యోగుల మీద సరిగ్గా ఇదే పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించారు. మామూలు విరామాలకు తోడు, విరామం లేని ప్రతి గంటలోనూ అయిదేసి నిమిషాలు ఇచ్చారు. రోజుకు 20 నిమిషాల పని సమయం తగ్గింది. ఒంటి నొప్పులు, కళ్ళ అలసట తగ్గాయి, ఎంట్రీల సంఖ్య మాత్రం తగ్గలేదు. మీ పనికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకదు.

అయితే "లేవండి, నడవండి" అని గోడకు కాగితం అతికిస్తే ఎవరూ లేవరు. లేవాల్సిన అవసరం గదిలోనే ఉండాలి. ప్రింటరు ప్రతివాళ్ళ చేతికీ అందేలా కాకుండా దూరపు మూల పెట్టండి. రెండు లీటర్ల సీసాలు టేబుల్ మీద పెట్టుకోనివ్వకుండా గ్లాసులు, ఫిల్టరు ఒక చోట ఉంచండి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పాలి. మీ ప్రశ్నలో లేదు, కానీ నేను వెళ్ళిన మేడపైన ఆఫీసుల్లో తరచూ కనిపించేదే. ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. ఎందుకంటే బాత్రూమ్ కింద అంతస్తులో, నాలుగు షాపులకు కలిపి ఒకటే, గడియ సరిగ్గా పడదు, బల్బు ఉండదు. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా వెళ్ళకుండా ఉండటానికి గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా, కదలకుండా కూర్చుంటారు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు ఒక పక్క, నడుం నొప్పి ఒక పక్క. దీన్ని మీతో నోరు తెరిచి ఎవరూ చెప్పరు. గడియ, బల్బు, బకెట్, మగ్గు, రోజూ కడిగే మనిషి, ఇవి ముందు చూడండి. మీ నడుం నొప్పి ఆవిడ గంటకోసారి లేవటానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

ఆవిడ విషయంలో ఇంకొక్క జాగ్రత్త. నొప్పి పిరుదు మీదుగా కాలిలోకి దిగి పాదం బలహీనపడుతున్నా, జ్వరం లేదా బరువు తగ్గటం తోడైనా, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి అయినా ముందు డాక్టరు, తరవాతే టేబుల్. మూత్ర విసర్జన పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇవేవీ లేని మామూలు నొప్పయితే కాళ్ళ కింద పీట వేసి, తువ్వాలును చుట్టగా చుట్టి, నడుముకు బెల్టు పెట్టుకునే చోట వీపు వెనక పెట్టుకోమనండి. కర్ర మింగినట్టు నిటారుగా కూర్చోనక్కర్లేదు. కాస్త వెనక్కి వాలి వీపు బరువు కుర్చీ మీద వేస్తే వెన్నుపూసల మధ్య డిస్కు మీద ఒత్తిడి తగ్గుతుందని స్వీడన్‌లో నాచెమ్సన్ అనే ఆర్థో డాక్టరు డిస్కులోకి సూది గుచ్చి మరీ కొలిచి చూపించాడు.

ఇవన్నీ అయ్యాక కూడా కుర్చీలు కొనాలనుకుంటే కొనండి, తొమ్మిదీ ఒకే రకం మాత్రం వద్దు. మీ స్టాఫ్‌లో అందరికన్నా పొట్టి మనిషినీ పొడుగు మనిషినీ షోరూమ్‌కు తీసుకెళ్ళండి. పొట్టి మనిషి కూర్చుని సీటు పూర్తిగా దించినప్పుడు పాదాలు ఆనుతున్నాయా చూడండి. చాలా కుర్చీలు 17 అంగుళాల కన్నా దిగవు, ఆమెకు కావాల్సింది 15, 16. వీపు పూర్తిగా ఆనించి కూర్చుంటే మోకాలి వెనక మడతకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి. "బాస్ చైర్" అని చూపించే పెద్ద రెక్సిన్ కుర్చీలు ఇక్కడే ఫెయిల్ అవుతాయి. వాటి సీటు లోతు ఎక్కువ, పైగా మన ఉక్కపోతకు రెక్సిన్ అంటుకుపోతుంది. చేతుల ఆసరా టేబుల్ కిందకు దూరకపోతే కుర్చీ దగ్గరకు రాదు, కాబట్టి అది కిందికి దిగేదో, ఆలెన్ కీతో విప్పేసేదో అయ్యుండాలి. కింద అయిదు కొమ్మలు ఉండాలి. చీర కొంగులు, చున్నీలు చక్రాల్లో పడతాయి కాబట్టి చక్రాలకు తొడుగు ఉన్నది చూసుకోండి. ఈ పరీక్షలన్నీ సగం ధర కుర్చీ పాసయితే 14,000 కుర్చీ జోలికి పోనక్కర్లేదు.

నిలబడి పనిచేసే టేబుళ్ళ గురించి నా అభిప్రాయం సూటిగా: మీ ఆఫీసుకు అక్కర్లేదు. నిలబడటమే ఆరోగ్యమైతే, దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు ఎందుకు మార్చాయి? రోజంతా నిలబడే బట్టల షాపు పిల్లల కాళ్ళు చూస్తే తెలుస్తుంది, పిక్కల మీద రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. కూర్చోవటం, నిలబడటం మారుతూ ఉండాలి. అందుకు ఒక మూల ఛాతీకి కాస్త కింద ఎత్తులో ఒక అలమర పలక బిగించి, ఫోన్లు మాట్లాడటం, ఫైళ్ళు సర్దటం, బిల్లులు తేదీల వారీగా పేర్చటం అక్కడ నిలబడి చేసుకోమంటే సరిపోతుంది.

మీ టేబుళ్ళకు మధ్య సొరుగు ఉందా, కాళ్ళు చెక్కవా ఇనుపవా, ల్యాప్‌టాప్‌లు ఎన్ని అన్నది రాయలేదు. అవీ, తొమ్మిదిమంది మోచేతి కొలతలూ ఇక్కడ పెడితే ఏ టేబుల్ ఎంత కోయించాలో, ఎవరికి ఎంత ఎత్తు పీట కావాలో చూసి చెప్తాను. వడ్రంగిని పిలిచే ముందే పెట్టండి.